అవ్వ తిన్న కారం దోసె

పరీక్షలయ్యేదాకా పిల్లలకు బయటి తిండి పెట్టవద్దని మా చిన్నదాని బడివాళ్లు మొన్న ఫోనుకు మెసేజీ పంపారు. కళ్లద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివి, తీసిపారేశాను. పరీక్ష రాసే పిల్ల ఏం తినాలో, ఎక్కడ తినాలో ఇంకొకరు చెప్పడం నాకు మొదటినుంచీ గిట్టదు. పదో తరగతి పరీక్షలు మొదటిసారి ఇంటి తిండి తిని రాసి తప్పాను, రెండోసారి హోటలు తిండి తిని రాసి గట్టెక్కాను. దీనిమీద ఎవరికైనా వాదన ఉంటే రమ్మనండి, నేను ఇంట్లోనే ఉంటాను.

అయితే నన్ను పాత రోజుల్లోకి లాక్కుపోయింది ఆ మెసేజీ కాదు. మర్నాడు పొద్దున మా చిన్నది మంచం దిగకుండానే ఫోను నొక్కి కారం దోసె తెప్పించుకుంది. అట్టపెట్టె తెరిచి చూద్దును కదా, నాలుగు మడతలు పెట్టిన దోసె తన ఆవిరికి తానే చెమ్మగిల్లి, పిండేసి ఆరేయని రుమాలులా పడి ఉంది. మా పిల్ల ఒక చేత్తో పుస్తకం తిప్పుతూ, రెండో చేత్తో దాన్ని చించుకుని నమిలేస్తోంది, రుచి ఉందో లేదో కూడా దానికి పట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అట్లాంటి మెత్తబడిన దోసె నా చేతికి రాకూడదనే కదా, ఒకనాడు నేను నా చదువునే పణంగా పెట్టింది!

మాది ఉదయగిరి పక్కన ఒక పల్లె. తొంభైల మొదట్లో నేను పదో తరగతిలో ఇంగ్లీషు, లెక్కలు రెండూ తప్పాను. ఆడపిల్ల తప్పిందంటే ఆ రోజుల్లో కథ అక్కడికి ముగిసినట్టే లెక్క. ఇంక దీనికి మళ్లీ పరీక్ష ఏందని చుట్టుపక్కల అందరూ అన్నా, మా నాయన ఎవరి మాటా వినకుండా ఫీజు కట్టాడు, అంతవరకు ఆయనకు దండం పెట్టాలి. తప్పినవాళ్లకు సెంటరు ఆత్మకూరులో వేశారు. ఇంగ్లీషు రెండు పేపర్లు, లెక్కలు రెండు పేపర్లు, వెరసి నాలుగు రోజులు బస్సెక్కాలి. ఆ బస్సుకే నాయన ఒక షరతు పెట్టాడు. ఊరు కాని ఊరు పోయి వచ్చే పిల్లను గురించి ఒక్క మాట తన చెవిన పడితే, మిగిలిన పరీక్షలు ఎన్ని ఉన్నా సరే, ఆ రోజుతో బస్సు బందు అన్నాడు. మా నాయన అన్నాడంటే అన్నట్టే. నాకు తోడుగా తన తల్లిని, మా అవ్వను పంపాడు.

అవ్వ సంగతి కొంచెం చెప్పాలి. మా పల్లె చర్చిలో ముందు వరస చాప ఆమెది. అన్నం ముందు కూర్చుని ఆమె ప్రార్థన మొదలుపెడితే, వానలు, చెనక్కాయ పంట, పాస్టరమ్మగారి మోకాళ్ల నొప్పులు, ఎప్పుడో మద్రాసు పోయి ఉత్తరం రాయని చుట్టాలు, ఈనబోయే బర్రె, అందరినీ పేరుపేరునా తలుచుకుని ఆమేన్ అనేసరికి కంచంలో చారు చల్లారి నీళ్లయిపోయేది. పిల్లలం ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి కంచం వంక చూస్తూ కూర్చునేవాళ్లం. ఆ ఇంట్లో పుట్టి వేడివేడిగా ఒక ముద్ద తినడమన్నది నేను ఎరగను. వేడి తిండిమీద నా యావ అంతా బహుశా అక్కడ మొదలై ఉంటుంది.

మొదటి బస్సుకు ఎక్కితే ఆత్మకూరులో దిగేసరికి బాగా తెల్లవారేది. పరీక్షకు ఇంకా రెండు గంటలు ఉండేది. అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం పరీక్ష అయ్యాక తినడానికి, ఈలోగా కడుపులో ఎలుకలు పరుగెత్తేవి. బస్టాండుకు ఎదురుగా రేకుల కప్పు కింద ఒక హోటలు ఉండేది. కూలికి పోయేవాళ్లు కూడా కడుపునిండా తినగలిగే హోటలు అది. దోసెలు పోసే మనిషి పెనం మీద పిండి గుండ్రంగా తిప్పి, ఎండుమిరపకాయలు, ఉల్లిపాయలు కలిపి రుబ్బిన ఎర్ర కారం దాని మొహాన పూసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి విదిలిస్తే లేచే వాసన బస్సు దిగకముందే ముక్కు పట్టుకుని లాగేది. అంచులు కరకరలాడుతూ, నడుమ మెత్తగా, పక్కన చెనక్కాయల చట్నీతో... వద్దులెండి, ఇప్పుడు చెప్తే నాకే నోరూరుతోంది.

ఆ దోసెను ఆడవాళ్లు లోపల కూర్చుని తినకూడదు. అట్లా అని ఎక్కడా బోర్డు పెట్టలేదు. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అందరికీ తెలుసు, నా ఈడు ఆడవాళ్లకు నేను విడమరిచి చెప్పాల్సిన పనీ లేదు. పక్కసందులో ఒక కిటికీ ఉండేది. సోమశిల నుంచి చేపల గంపలతో దిగిన ఆడవాళ్లు, చేజర్ల నుంచి పరీక్షకొచ్చిన ఆడపిల్లలు, వాళ్ల అమ్మలు, అందరం ఆ కిటికీ దగ్గర నిలబడితే పార్సిలు చేతికిచ్చేవాళ్లు. ఆకులో చుట్టి, పైన పేపరు చుట్టి, దారం కట్టి ఇచ్చినదాన్ని బస్టాండు వెనక గోడ నీడకు పోయి విప్పేసరికి దోసె ప్రాణం పోయేది. మొదటి రోజు అట్లాగే తిన్నాను. రెండో రోజూ అట్లాగే తిన్నాను. పార్సిలు కోసం నిలబడి కిటికీలోంచి చూస్తే, మా బడిలో నాతోపాటే ఇంగ్లీషూ, లెక్కలూ తప్పిన మగపిల్లలు, నాకంటే తక్కువ మార్కులతో తప్పిన ఘనులు, బల్లల ముందు కాళ్లు చాపుకుని కూర్చుని పెనం మీది దోసె పెనం మీదే అన్నట్టు లాగిస్తున్నారు. వాళ్లు తప్పింది ఆ లెక్కలే, నేను తప్పింది ఆ లెక్కలే. నా దోసె ఒక్కటే ఎందుకు మెత్తబడాలి?

అవ్వను అడిగాను. అడగ్గానే కసురుకుంది.

“ఏందే, మొగోళ్ల మధ్యన కూర్చోని తింటావా? మీ నాయన చెవిన పడితే నీ చదువు అటకెక్కతాది. నోరు కట్టుకోని ఉండు.”

మూడో రోజు లెక్కల మొదటి పేపరు. నన్ను నిరుడు ముంచింది అదే. బస్సులో దారి పొడవునా సూత్రాలు వల్లెవేస్తూ వచ్చాను, ఒక్కటీ నిలవడం లేదు. బస్సు దిగాక అవ్వ సందులోకి తిరిగింది. నేను తిరగలేదు. నేరుగా ముందు గుమ్మంలోంచి లోపలికి పోయి, ఖాళీగా ఉన్న బల్ల ముందు కూర్చున్నాను. ధైర్యమని ఇప్పుడు నేను గొప్పలు చెప్పుకోవచ్చు గానీ, నిజానికి అది ఆకలీ మొండితనమూ కలిసిన ఏదో ఒకటి.

హోటలాయన చెడ్డవాడేం కాదు, నా పక్కకొచ్చి మెల్లిగా చెప్పాడు.

“పాపా, కిటికీ కాడికి పోమ్మా, పార్సిలు కట్టిస్తాను.”

“పార్సిలు మెత్తబడిపోతాదండీ. నాకు కాలింది కాలినట్టే కావాల,” అన్నాను.

అప్పుడు చూశాను, పక్క బల్ల దగ్గర మా చిన్నాయన. మా నాయనకు సొంత తమ్ముడు, అవ్వకు చిన్న కొడుకు, ఆత్మకూరులోనే ఎరువుల అంగట్లో గుమాస్తా. చేతి వేళ్లకు నెయ్యి, ముందర సగం తిన్న దోసె. ఈయన చూశాడంటే నాయనకు తెలిసినట్టే, నాయనకు తెలిసిందంటే రేపటి లెక్కల రెండో పేపరు లేనట్టే, అది లేదంటే పదో తరగతి ఈ జన్మకు లేనట్టే.

“సిగ్గులేదా నీకు? లెయ్. లేచి బయటికి నడువు,” అన్నాడు చిన్నాయన, నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని.

నేను లేవలేదు. లేద్దామనుకున్నా కాళ్లు రాలేదేమో, అది నాకూ దేవుడికీ తెలియాలి. అంతలో గుమ్మంలో అవ్వ కనపడింది. నన్ను వెతుక్కుంటూ వచ్చి, అక్కడే ఆగి, కొడుకును చూసింది, కొడుకు ముందరున్న దోసెను చూసింది, నన్ను చూసింది. చెయ్యి పట్టి లాక్కుపోతుందనుకున్నాను. అవ్వ కొంగు నడుముకు దోపుకుని, జీవితంలో మొదటిసారి ఒక హోటలు గడప దాటి లోపలికొచ్చింది. సరాసరి చిన్నాయన బల్ల దగ్గరికే వచ్చింది.

“ఏందిరా చూస్తావు? జరుగు.”

ఆయన జరిగాడు. అవ్వ కూర్చుని, నన్నూ పక్కకు పిలిచి కూర్చోబెట్టుకుని, పెనం దగ్గరున్న మనిషికి వినపడేట్టు కేకేసింది.

“అబ్బయా, రెండు కారం దోసెలు. కారం బాగా పూయి.”

దోసెలు వచ్చాయి. పొగలు కక్కుతూ, అంచులు లేచి, ఎర్రగా, నేను రెండు రోజులుగా కలవరించిన దోసె. చెయ్యి వేయబోయాను. అవ్వ కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. అయిపోయింది, ఇంక వానలూ బర్రే మద్రాసు చుట్టాలూ అందరూ వస్తారు, ఇంత యుద్ధం చేసి చివరికి చల్లారిన దోసే తినాలి నేను! హోటలంతా మావైపే చూస్తోంది. అవ్వ నోరు తెరిచింది.

“ప్రభువా, ఇది వేడిగా ఉండాది. ఆమేన్.”

కళ్లు తెరిచి, “తినవే,” అంది.

అంత చిన్న ప్రార్థన ఆమె నోట అంతకు ముందు లేదు, ఆ తర్వాత లేదు. నేను తిన్నాను. ఆ రుచిని గురించి రాయను, రాస్తే తగ్గుతుంది. అవ్వ మొదటి ముక్కకే నాలుక కాల్చుకుని, కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ అంది.

“మీ తాత ప్రతి సంతకీ వచ్చి, ఇంటికొచ్చి నా సంగటికి వంకలు పెట్టినాడే, ఇందుకా!”

పెనం దగ్గరి మనిషి పకపకా నవ్వేశాడు. చిన్నాయన మాత్రం నవ్వలేదు, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మేం ఇల్లు చేరి కాళ్లు కడుక్కునేలోపలే కబురు మాకంటే ముందు చేరి ఉంది. నాయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. పరీక్ష ఎట్లా రాశావని అడగలేదు. “ఇంక చాలు. రేప్పొద్దున బస్సు లేదు,” అన్నాడు. నేను ఏడవలేదు, ఏడుపు రాలేదు. అమ్మ తలుపు వెనక నిలబడిపోయింది. అవ్వ చెంబు కింద పెట్టి, నాయన ఎదురుగా వచ్చి నిలబడింది.

“హోటలుకు పొయినాది నేనురా. దోసె తినినాది నేను. బిడ్డ నాకు తోడు కూర్చునింది. ఆపేదుంటే నన్నాపు పరీక్షకు పోకుండా.”

నాయన ఏదో అనబోయాడు. అవ్వ అననీయలేదు.

“నువ్వూ నీ తమ్ముడూ సంతకి పొయినప్పుడల్లా హోటల్లో తినే వస్తిరి. మీ నాయనా తినే వచ్చినాడు. ఇన్నేండ్లలో ఒక్కడన్నా, అమ్మా, నువ్వూ రామ్మా అన్నార్రా? నేను ఏడ తినాల, సందులోనా?”

అంత గట్టి మనిషి, మా నాయన, తల వంచుకున్నాడు. ఆయన తల వంచుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. అవ్వ ఇంకేమీ అనకుండా లోపలికి పోయింది, ఆ రాత్రి అన్నం ముందు ప్రార్థన మామూలుగానే పొడుగ్గా చేసింది, చిన్నాయనను కూడా పేరు పెట్టి తలుచుకుంది.

మర్నాడు మేం గడప దాటుతుంటే నాయన పశువుల దగ్గరినుంచి, మా వైపు చూడకుండానే అన్నాడు. “అవ్వకు కారం తక్కువ పూయమను. కడుపులో మంటంటాది మళ్లీ.”

కారం తక్కువ పూయించుకునే మనిషా మా అవ్వ! ఆ నాలుగో రోజు మేం లోపల తింటుంటే, చేజర్ల పిల్ల ఒకతె వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మంలో తచ్చాడుతోంది. అవ్వ వాళ్లను రమ్మని చెయ్యి ఊపింది. పరీక్ష అయ్యాక నన్నారి సోడా తాగాం, మైసూరు బజ్జీలు తిన్నాం, పెరుగన్నం బస్టాండులో కుక్కకు పెట్టాం, ఆ సంగతి అమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు. లెక్కల్లో గట్టున పడేన్ని మార్కులు వచ్చాయి. వాటితోనే నర్సు ట్రైనింగుకు పోయాను, వాటితోనే ఇంతదాన్నయ్యాను.

ఇప్పుడు ఆ హోటలు లేదు, ఆ చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆడపిల్లలు ఏ హోటల్లో ఏ బల్ల దగ్గర కూర్చున్నా తల తిప్పి చూసేవాళ్లు లేరు, అది చూసి అవ్వ ఎంత మురిసిపోయేదో. కానీ మేం అంత రట్టు పడి ఎక్కిన బల్లలు వదిలేసి, మా పిల్లలు ఆ పార్సిలునే ఇంటికి తెప్పించుకుని, తలుపు వేసుకుని ఒంటరిగా తింటున్నారు. ఎవరూ వద్దనకుండానే కిటికీ దగ్గరికి తిరిగిపోయారు. దీనికి ఎవరితో పోట్లాడాలో నాకు తెలియడం లేదు.

అందుకే ఇవాళ లెక్కల పరీక్ష ఉందనగా, మా చిన్నదాన్ని రెక్క పట్టుకుని వీధి చివర హోటలుకు తీసుకుపోయాను. ఫోను సంచిలో పెట్టించాను. దోసె వచ్చింది, పొగలు కక్కుతూ. నేను పైట తలమీదికి లాక్కుంటే అది సిగ్గుతో చచ్చిపోయి, “అమ్మా, అందరూ చూస్తున్నారు,” అంది. చూడనీ, అన్నాను. కళ్లు మూసుకుంటే పక్కన అవ్వ కూర్చున్నట్టే ఉంది, ఎంత సేపైనా మాట్లాడాలని ఉంది.

“ప్రభువా, ఇది వేడిగా ఉండాది. ఆమేన్.”