గడ్డి ఊగుతాందా?

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మా చిన్నాయన ఏ బొమ్మనైనా బొటనవేలితో తడిమిగానీ మెచ్చుకునేవాడు కాదు. పేరున్న యానిమేషన్ స్టూడియోతో కలిసి ఓ గేమ్ కంపెనీ తీస్తున్న వీడియోగేమ్ ట్రైలర్ నేను చూపిస్తే, నా ఫోన్‌నూ అలాగే తడిమాడు.

"గడ్డిపోచలన్నీ చేత్తోనే గీసిండ్రురా! ఎప్పుడొస్తదట?"

రెండేళ్లపాటు రోజూ అదే అడిగాడు. గేమ్ వచ్చేలోగా షుగరుతో ఆయన చూపు పోయింది.

అది వచ్చిన రోజు టీవీ ముందు నా పక్కనే కూర్చున్నాడు. ఆయన కోసం ఆడే ఓపిక నాకు లేదు. నల్లటి తెర మీద పేరు మాత్రమే ఉన్న మొదటి మెనూ దగ్గరే ఆపేసి, సంగీతం మోగనిచ్చి, ఫోన్ చూసుకుంటున్నాను.

"గడ్డి ఊగుతాందా?"

"ఊగుతాంది చిన్నాయనా."

లేచి వెళ్లి, గడ్డిపోచైనా లేని ఆ నల్లటి తెరను బొటనవేలితో తడిమాడు.

"మంచిగ నేసిండ్రు," అన్నాడు.