కోసిన ముక్క నరమేనా?

ఢిల్లీలో ఓ ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్న రోజుల్లో నా కోతలకు హద్దుండేది కాదు. ఒక జనవరిలో కరెంటు పోతే, ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన కండముక్కను కిటికీ బయట పెట్టి గడ్డకట్టించానని కొత్త డాక్టర్లకు చెప్పేవాణ్ణి. సగం మంది నమ్మారు కూడా.

అలాంటి నా చేతికే ఒకరోజు మా ఆవిడ నరం వచ్చింది. కొన్నాళ్లుగా ఆమె పాదాలు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. జబ్బేదో తేలితేగాని మందు మొదలుపెట్టరు. అందుకని చీలమండ పక్కన చిన్న నరంముక్క కోసి చూడాలన్నారు. ఆ నరాన్ని ఆనుకునే ఓ సన్నటి సిర ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. కుట్లు వేసేలోపే ముక్కను గడ్డకట్టించి, పల్చగా తరిగి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూసి కబురు చెప్పాలి.

నేనే తరిగాను. మా ల్యాబ్ డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే, "సిర! కుట్లు వెయ్యొద్దని చెప్పు, భాగో!" అంది. ఇంటర్‌కం ఆ వారమంతా మూగబోయి ఉంది.

పరిగెత్తాను. సర్జన్ అప్పటికే సూది పట్టుకున్నాడు.

"సార్, అది నరం కాదు, సిర."

"అచ్ఛా భయ్యా, ఆజ్ నయీ కహానీ?"

ఇవాళ్టి కొత్త కథ ఇదేననుకుని నర్సులూ నవ్వారు.

మత్తు కాలికి మాత్రమే. తెర ఇవతల మా ఆవిడ అంతా వింటోంది. "ఏమండీ, ఇలా రండి" అని నన్ను ఎగాదిగా చూసి, వచ్చీరాని హిందీలో సర్జన్‌కు చెప్పింది: "డాక్టర్ సాబ్, ఝూఠ్ బోలే తో ఇన్‌కా హాథ్ నాచ్‌తా. ఆజ్ హాథ్ చుప్. ఫిర్ సే కాటో."

అబద్ధమాడితే నా చేతులు నాట్యమాడతాయట, ఇవాళ కదలట్లేదట, అందుకే మళ్లీ కోయమంది. ఆయన సూది కింద పెట్టాడు. రెండో ముక్క నరమే.

మందు పనిచేసింది. ఆమె మళ్లీ జనక్‌పురి మార్కెట్‌కు నడిచివెళ్లి కూరలవాడితో పోట్లాడింది. నరం కోసినందువల్ల పాదం బయటి అంచు మాత్రం మొద్దుగానే మిగిలిపోయింది.

చలికాలం మధ్యాహ్నాలు డాబా మీద చాప పరుచుకుని, బఠానీలు ఒలుస్తూ, ఆ అంచును నా కాలికి ఆనించేది. "తగులుతోందా మీకు?" అని అడిగేది. ఒక్కోసారి ఆ పాదం బెత్తెడు దూరంలోనే ఉండేది. అయినా తగులుతోందనే చెప్పేవాణ్ణి.

కొన్నేళ్లకు వేరే జబ్బు ఆమెను తీసుకుపోయింది. డాబా మీద ఎండ బాగానే కాస్తోంది. నేను ఇప్పటికీ చాపకు ఒక పక్కనే కూర్చుంటాను.