మా గడప రిజిస్టరు

చిన్నప్పుడు మీ అమ్మ ఏం పని చేస్తుందని బడిలో అడిగితే టైపిస్టు అని చెప్పేదాన్ని. అబద్ధం. కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర, లోపలికి పోయే ఆడవాళ్లను తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. పరదా కట్టిన చిన్న గది, ఒక బల్ల, దాని మీద పొడుగు రిజిస్టరు. పేరు, ఎవరి కోసం, ఏం పని, వచ్చిన టైము, పోయిన టైము. పెద్దసారు భార్య వచ్చినా రాయాల్సిందే. రాశాక కూడా, "చెయ్యి పెడుతున్నమ్మా" అని చెప్పి గానీ ఎవరినీ తాకేది కాదు. ఒంటి మీద చెయ్యి వేసే ఉద్యోగమని నాకు సిగ్గు. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే రెండు పీకాలనిపిస్తుంది.

రిటైరయ్యాక ఆమె చెయ్యి ఊరుకోలేదు. ఒక పొడుగు నోటుబుక్కులో గళ్లు గీసి, పెన్నుకు దారం కట్టి, మా తలుపు పక్కన మేకుకు వేలాడదీసింది. గ్యాస్ బండ తెచ్చేవాడు రాయాలి, కుళాయి బాగుచేసేవాడు రాయాలి. గల్లీ అంతా నవ్వింది.

"అక్కా, జెరంత చక్కెర అడగనీకి గూడ సంతకం పెట్టాల్నా?" అనేది ఎదురింటి చిన్నమ్మ.

"పెట్టు. చక్కెర వాపస్ రాకుంటే ఎవర్ని పట్టుకోవాలె?" అనేది అమ్మ.

పై గదిలో ఒక అమ్మాయి అద్దెకుండేది. అఫ్జల్‌గంజ్‌లో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. నోట్లో నాలుక లేని పిల్ల. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే అబ్బాయిని ఇష్టపడింది. ఆమె హిందువు, అతను ముస్లిం. ఎవరూ మతం మార్చుకోకుండా పెళ్లాడాలంటే రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు అంటించి నెల రోజులు ఆగాలి. ఇద్దరి పేర్లు, ఫొటోలు, అడ్రసులు దారిన పోయే ప్రతివాడికీ కనబడుతూ ఉంటాయి. ఒకే మతంలో చేసుకునేవాళ్లకు లేని ఈ శిక్ష వీళ్లకెందుకని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నోటీసు పడిన మూడో వారం, ఆదివారం పొద్దున, మెడలో పార్టీ కండువాలతో నలుగురు మా గడప ముందు నిలబడ్డారు. ముందున్నతను ఫోన్‌లో ఆ నోటీసు ఫొటో చూపించాడు.

"ఆడపిల్లల రక్షణ కోసం తిరుగుతున్నం అమ్మా. ఈ పిల్ల ఈడనే ఉంటదంట గద? ఎప్పుడొస్తది, ఆమె కాడికి ఎవరొస్తరు, జెర జెప్పు. వాళ్ల బాపు నంబరు గూడ ఇయ్యి."

ఆ పిల్ల ఉతికిన బట్టల బకెట్‌తో మెట్ల మీదే ఉంది. నాకు కనిపిస్తోంది, వాళ్లకు కనిపించడం లేదు. తండ్రికి తెలిస్తే వచ్చి తీసుకుపోతాడు, పెళ్లి అక్కడితో ఆఖరు.

అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మేకు మీది బుక్కు తీసింది. "ముందుగాల పేర్లు రాయుండ్రి."

అతను నవ్వి పెన్ను అందుకున్నాడు. 'ఏం పని' అన్న గడి దగ్గరికి చూపు పోయేసరికి చెయ్యి ఆగింది. వెనకాలతను, "రాయకు అన్నా" అని గొణిగాడు.

"రక్షణ అని జెప్తివి గద, గదే రాయి," అంది అమ్మ. "ఆమె పేరు, ఫొటో ఫోన్ల ఏసుకొని గల్లీ గల్లీ తిరుగుతున్నరు. మీ పేరు రాయనీకి ఏంది ఫికర్?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను నా వైపు చెయ్యి చూపించాడు. "నీ బిడ్డ గిట్ల జేస్తే ఊకుంటవా?"

"నా బిడ్డ ఎవర్ని జేసుకుంటదో అది జెప్తది. రాసుకోనీకి మీరెవరు?"

ఈ లొల్లికి ఎదురింటి చిన్నమ్మ వచ్చింది. అమ్మ చేతిలోంచి బుక్కు లాక్కుని తన పేరు రాసి, 'ఏం పని' దగ్గర 'అక్క పక్కన నిలబడనీకి' అని రాసి, రాసినట్టే అమ్మ పక్కన నిలబడింది. మళ్లీ వస్తామన్నారు వాళ్లు.

"రాండ్రి. బుక్కు గీడనే ఉంటది."

వాళ్లు పోయాక అమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. కూర్చుని, ఇంకో వరుసలో వాళ్లు వచ్చిన టైము, పోయిన టైము రాసింది. పేరు గడి ఖాళీగా వదిలేసింది. ఆమె కూతురినైనందుకు నాకు ఎంత గర్వమేసిందో ఆ రోజే ఆమెతో చెప్పాను, టైపిస్టు సంగతితో సహా. "టైపు నాకెక్కడొస్తది పిచ్చిదానా," అని నవ్వింది.

వాళ్లు మళ్లీ రాలేదు. నెల నిండింది. సాక్షులుగా అమ్మ, చిన్నమ్మ, నేను. ఆటో ఎక్కబోతుంటే పెళ్లికూతురు వెనక్కి తిరిగి, ఆ ఖాళీ గడి ఉన్న పేజీలోనే కింద తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఏం పని: పెళ్లి.

అమ్మ గడియారం చూసి, పోయిన టైము వేసింది.

"వాపస్ వచ్చినంక ఇద్దరూ రాయుండ్రి," అంది.