చినుకు పడలేదన్న మాట

నిన్న మధ్యాహ్నం మా కోడలు సెల్‌ఫోన్ చూసి, "అత్తా, పెనుకొండలో వాన పడతాండాదంట, మిద్దె మీద బట్టలు తీసేద్దామా?" అంది. హిందూపురంలో కూర్చుని పెనుకొండ వాన సంగతి తెలుసుకోవడం ఇంత సులువైపోయిందా అనుకుంటూ బట్టలైతే తీశాను గానీ, నా మనసు మాత్రం ధర్మవరంలో మేము పెరిగిన ఇంటికి పోయి కూర్చుంది, సాయంత్రం దాకా తిరిగి రాలేదు.

మా సీమ వానల తీరు నా ఈడు వాళ్ళకు నేను కొత్తగా చెప్పాలా! ఎండాకాలంలో రేకులు లేచిపోయే గాలివాన ఒకటి రెండు, మృగశిర కార్తెలో విత్తడానికి చాలీచాలని తడి, ఆ తర్వాత కళ్ళలో దుమ్ము కొట్టే ఉత్త గాలి, పుబ్బ, ఉత్తర కార్తెల్లో అసలు వాన, కార్తీకంలో ముసురు. ఆ ముసురులో మా మగ్గం గుంతలో చెమ్మ ఊరేది, పట్టుదారం చేతికి అంటుకునేది, నాయన నేత ఆపి గడప మీద కూర్చుని ఆకాశాన్ని తిట్టేవాడు. హిందూపురం వైపు నుంచి వచ్చే రైలు పైకప్పు తడిసి ఉంటే చాలు, స్టేషన్ నుంచి వచ్చినవాళ్ళు ఆ మాట వీధంతా చెప్పుకుంటూ పోయేవాళ్ళు.

నాయన పుట్టుకతో నేతగాడు కాదు. పెనుకొండకు దిగువన మాకొక మెట్టచేను ఉండేది. అది రెండు సంసారాలకు చాలదని నాయన ధర్మవరం వచ్చి మగ్గం నేర్చుకున్నాడు, చిన్నాయన ఊర్లోనే ఉండిపోయాడు. అవ్వ పోతూ పోతూ ఒక కట్టుబాటు పెట్టింది: చెరిసగం చేసుకోండి, ఎవరి సగం వాళ్ళు విత్తుకోండి, ఏ ఏడైనా ఒకడు విత్తకుండా బీడు పెడితే ఆ సగం రెండోవాడిది. భూమి ఎండిపోవడం చూడలేని మనిషి, అందుకే అలా అంది. కన్నకొడుకులు దాన్ని ఎట్లా వాడుకుంటారో ఆమెకేం తెలుసు!

ఊర్లో విత్తడానికి సరిపడా పదునువాన పడగానే చిన్నాయన కబురు పంపేవాడు, నాయన విత్తనాల మూటతో మొదటి బస్సెక్కేవాడు. ఒక ఏడు అమ్మా నేనూ శెనక్కాయలు ఒలిచి సిద్ధంగా పెట్టుకున్నాం. ఒలిచిన గింజ ఎక్కువ రోజులు ఆగదు కదా, రోజూ ఎదురుచూపే. అంతలో ఒక పొద్దు చిన్నాయనే ఇంటికొచ్చాడు. అమ్మ సంగటి పెట్టింది, ఉలవచారు పోసింది. ఆయన కడుపునిండా తిని, "మొగులు వచ్చి పోతాండాదన్నా, చినుకు మాత్రం పడలా. నేను చెప్పి పంపిస్తా లే" అని చేయి కడుక్కున్నాడు.

వాకిట్లో విడిచిన ఆయన చెప్పులకు ఎర్రమట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంది. ఆయన వెళ్ళాక అమ్మ ఆ సంగతి ఎత్తితే నాయన కసిరేశాడు. మా వైపు వాన గట్టుకు ఈ పక్క పడితే ఆ పక్క పడదు, దారిలో యాడనో తొక్కింటాడు, దానికే తమ్ముణ్ణి అనుమానిస్తారా అన్నాడు. పైనున్న మబ్బును నమ్మని మనిషి, తోడబుట్టినవాణ్ణి నమ్మాడు.

కబురు రాలేదు. ఉండబట్టలేక నాయన మూట భుజానికెత్తుకుని తానే పోయాడు. చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా మొలక లేచి పచ్చగా ఉందట, మా సగం కూడా. "నువ్వు రాలేదు కదన్నా, బీడు పెట్టేదెందుకని నేనే విత్తేసినా" అన్నాడట చిన్నాయన, ఎంత నెమ్మదిగా అన్నాడో! పెద్దమనుషులు అవ్వ మాటే మాట అన్నారు. తీసుకుపోయిన మూట తీసుకుపోయినట్టే ఇంటికొచ్చింది. ఆ ఏడంతా మా ఇంట్లో ఆ మూటలోని శెనిగిత్తనాల పొడే. నాకు ఈనాటికీ అది గొంతు దిగదు.

నాయన మళ్ళీ ఆ ఊరి బస్సెక్కలేదు. ఎవరడిగినా, వాన మోసం చేసింది, చేను పోయింది అనేవాడు. అమ్మకు ఒళ్ళు మండిపోయేది. "వాన ఏం చేసింది పాపం, చేసింది నీ తమ్ముడు!" అని అరిచేది. నాయన వినిపించుకోకుండా మగ్గం మీద నాడె విసురుతూ ఉండేవాడు. తమ్ముడి పేరు చెడకుండా కాపాడుకున్నాడో, తన నమ్మకాన్ని కాపాడుకున్నాడో నాకు తెలియదు. చనిపోయేదాకా ఆ మాట మాత్రం మార్చలేదు.

ఇప్పుడు వానల వరసే తప్పిపోయింది. మృగశిరలో ఎండ మాడ్చేస్తుంది, కాయలు పీకి కుప్ప వేసిన రోజే కుండపోతగా కురుస్తుంది. మా చుట్టాలు నలుగురు కూడితే చాలు, వానను నమ్మి చెడిపోతిమి అని తిట్టుకుంటారు, అందులో చిన్నాయన పిల్లలూ ఉంటారు. అందరితో పాటు తలూపాలని చూస్తాను గానీ మెడ వంగదు. ఆ ఏడు వాన మాట తప్పలేదు. రావలసిన కార్తెలో వచ్చి, మా సగం మీద కూడా కురిసే పోయింది.