మామిడికాయ పులిహోర

మొన్న అరకు రైల్వే స్టేషన్ బయట, ఇల్లూ వాకిలీ లేక అక్కడే పడుకునే ముసలివాళ్లకు ఎవరో కుర్రాళ్లు అన్నం పొట్లాలు పంచుతూ, ఫొటో సరిగా రాలేదని ఒక ముసలమ్మ చేతిలోని పొట్లం వెనక్కి తీసుకుని మళ్లీ ఇవ్వడం చూసి నాకు రోత పుట్టింది. రెండోమాటు చెయ్యి చాపిన ఆమె ముఖం చూడలేక ఇంటికి వచ్చేశాను. అయితే నా రోత అంతా ఆ కుర్రాళ్ల మీదేనంటే అబద్ధమవుతుంది, మన ఈడువాళ్ల దగ్గర అబద్ధమెందుకు.

పందొమ్మిదివందల యాభైల నాటి మాట. రైలు సంగతి అలా ఉంచండి, ఈ లోయకు తిన్నని బండిబాటే లేదు. నాకు పద్దెనిమిదేళ్లు. సంతలో బెల్లం చుట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి, కొండవాళ్లలో నాలుగక్షరాలు వచ్చినవాణ్ణి నేనేనని మహా గర్వం. ఆ వేసవిలో డుంబ్రిగుడ అవతల మా మేనత్త ఉండే గూడెం, గడ్డి కప్పులూ, చోడిగింజల, అంటే రాగుల, గాదెలతో సహా ఒక్క మధ్యాహ్నంలో తగలబడిపోతే, జనమంతా సంత దగ్గరి మామిడి తోపు కింద చేరారు. మేనత్త కోడలు, నాకు వదిన, తొమ్మిది రోజుల బాలింత. రెండు రోజులుగా తిండి లేక ఆమెకు పాలు పడలేదు. పసిగుంటకు ఏడ్చే ఓపిక కూడా పోయింది. నెత్తి మీద కాయలు గుత్తులుగా వేలాడుతున్నా ఎవరూ చెయ్యెత్తలేదు. దిసారి అని మేం పిలిచే మా పూజారి మంచిరోజు చూసి, కొండదేవతకు తొలికాయ పెట్టి, మామిడి కొత్త పండగ చేసేదాకా ఆ కాయ నోట పెట్టకూడదు, పెడితే పసిబిడ్డలకు కీడని మావాళ్ల నమ్మకం.

అంతలో పార్వతీపురం వైపు నుంచి, సేవ చేస్తామంటూ నలుగురు పెద్దమనుషులు బియ్యంతో వచ్చారు. వాళ్లలో పెద్దాయన నన్ను పిలిచి, మామిడికాయ పులిహోర కలిపిస్తే మీవాళ్లు తింటారా అని అడిగాడు. ఈ కొత్త పండగ గొడవ చెబితే నన్నూ అడవిమనిషి కింద జమకడతారని సిగ్గుపడి, "ఎందుకు తినరు బాబూ, సుబ్బరంగా తింటారు" అన్నాను.

ఆకుల్లో పచ్చగా వడ్డించారు. ఒక్కరూ ముట్టలేదు. వదిన ఆకు వంక చూసి, గుటక మింగి, బిడ్డను దగ్గరకు లాక్కుని ముఖం తిప్పేసుకుంది. పెద్దాయనకు ఒళ్లు మండింది.

"చావబోతూ ఇంత పొగరేమిటయ్యా మీవాళ్లకి?"

"మీ కూడుకేటి వంక నేదు బాబూ, మాకింకా కొత్త అవనేదు" అని మేనత్త ఆయనకు దండం పెట్టి, నా వైపు తిరిగింది. "ఏరా గుంటడా, సదువుకున్నావు కదా, నువ్వు సెప్పనేదేటి?"

అప్పుడైనా నిజం ఒప్పుకున్నానా? లేదు. ఆయన గుండిగ ఎత్తించి, సంతకొచ్చిన ఎడ్ల ముందు కుమ్మరించి, మనుషులను తీసుకుని వెళ్లిపోయాడు. ఆ అన్నం తలచుకుంటే ఆయన మీదా, అంతకు రెండింతలు నా మీదా ఈనాటికీ అసహ్యం పుడుతుంది.

సంగతి తెలిసి పక్క గూడెం ఆడవాళ్లు, తమకే ఒంటిపూట గంజి అయినా, చోడంబలి కుండలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. నిలబడి పొయ్యడం మావాళ్లలో తప్పు. ఇచ్చేవాళ్లూ పక్కనే చతికిలబడి అదే కుండలోది ఒక దొన్నె తాగాలి. "ఓలమ్మా, ఇద్దరి పొట్టకి ఆ సిన్న దొన్నె సాల్తాదేటి, కుండే ఎత్తు, బేగి!" అని ఒకావిడ వదినను ఎగతాళి చేస్తే, రెండు రోజుల తరువాత ఆ తోపులో నవ్వు వినబడింది. మర్నాటికి వదినకు పాలు పడ్డాయి. మేనత్త నన్నూ పిలిచి దొన్నె చాపింది. ఆకలి లేదన్నాను. అది రెండో అబద్ధం.

ఇప్పుడు మా మనవలు మామిడి రసం ఏడాది పొడుగునా సీసాల్లో తాగుతున్నారు. దిసారి అంటే ఎవరో వాళ్లకు తెలియదు. ఆ పులిహోర ఈనాడు తెస్తే వద్దనేవాళ్లు లేరు, ఆకలిగొన్న మనిషిని నువ్వేం తింటావని అడిగేవాళ్లూ లేరు. ఆనాడు కనీసం ఒకాయన అడిగాడు. జవాబు తెలిసినవాణ్ణి నేను.