నిలబడకూడని బండి

మా బావ జ్ఞానశేఖర్ ఆ రోజుల్లో శవపెట్టెలు చేసేవాడు. పెళ్ళిచూపులప్పుడు ఆ మాట దాటేసి "వడ్రంగం" అని ఊరుకున్నారు పెద్దలు. అబద్ధమేమీ కాదులెండి. ఆయన తండ్రి మిషన్ బడికి బెంచీలు, చర్చికి బల్లలు చేసిన మనిషి. కానీ మా అక్క సౌభాగ్యమ్మ కాపురానికి వెళ్ళిన మొదటిరోజు, వరండాలో గోడకు నిలబెట్టిన పెట్టెను బీరువా అనుకుని చీరలు సర్దబోయింది. మా ఇంట్లో ఎవరైనా మూతి ముడుచుకుని కూర్చుంటే ఇప్పటికీ ఈ కథే చెబుతాం.

ఆ అంగడికి కొన్ని పద్ధతులుండేవి. వచ్చినవాళ్ళను నవ్వుతూ "రండి" అనకూడదు. వాళ్ళు కూడా వెళ్ళేటప్పుడు "పోయొస్తాం" అనరు. బేరాలుండవు. అన్నిటికన్నా పెద్ద పద్ధతి, బోర్డు ఉండదు. చావును పిలిచినట్టు ఎవరైనా పేరు రాసి వేలాడదీస్తారా? బళ్ళారి కౌల్‌బజారు రోడ్డు మీద తండ్రి కాలంనాటి అంగడి. చర్చి సంఘంలో తెలియనివాళ్ళు లేరు. బోర్డుతో పనేముంది?

పని ఎప్పుడు పడిందంటే, ఇనుప ఖనిజం తవ్వకాలు మొదలయ్యాక. సండూరు కొండలు లారీలెక్కి రోడ్డున పడ్డాయి. బళ్ళారిలో ఎవరి చేతిలో చూసినా కొత్త డబ్బే. రోడ్డు మీది అంగళ్ళ బాడుగలు కొండెక్కి కూర్చున్నాయి. బావ అంగడి ఓనరు దాన్ని టైర్ల వ్యాపారికి ఇచ్చేసి, బావను వెనక సందులోకి, జీన్సు ఉతికే యూనిట్ పక్కకు తోశాడు. కింద నీలం నీళ్ళు, పైన ఎర్ర దుమ్ము, మధ్యన మా బావ. అదే సమయానికి ఆస్పత్రి ఎదురుగా కొత్త పెట్టెలవాడొకడు వెలిసి, నిలువెత్తు ఫ్లెక్సు కట్టాడు. లారీల కింద పడి పోయినవాళ్ళ మనుషులు పరాయి ఊళ్ళవాళ్ళు. వాళ్ళకు సందులోని బావ ఎలా కనబడతాడు? చూస్తూ చూస్తూ మా సంఘంవాళ్ళు కూడా ఫ్లెక్సు దగ్గరికే పోసాగారు. బోర్డు పెట్టాలి, లేదా అంగడి మూసుకోవాలి. మూడో దారి లేదు.

తాతల నాటి పద్ధతి వదలడానికి బావ చాలా మథనపడ్డాడు. వదిలాక మాత్రం ఆయన కాలు ఒకచోట నిలవలేదు. సందు మొగలో ఫుట్‌పాత్ మీద చెక్కబోర్డు నిలబెట్టాడు. వారం తిరక్కుండానే కార్పొరేషన్ వాళ్ళు దాన్ని ఎత్తుకెళ్ళారు. నేను కన్నడ బడిలో టీచర్ని కాబట్టి అర్జీలు రాసే పని నా నెత్తిన పడింది. ఆఫీసులో కెంచప్ప అనే గుమాస్తా చాలా మర్యాదస్తుడు. కుర్చీలు వేసి, టీ తెప్పించి, అప్పుడు కాదన్నాడు.

"ఆగల్ల శేఖరప్పా. ఫుట్‌పాత్ ఉండేది జనం నడిచేకి. నీ గోడకు కొట్టుకో, పర్మిషన్ ఇప్పిస్తా."

"నా గోడ సందులో ఉండాదప్పా. ఆడిదాకా వచ్చినోనికి ఇంగ బోర్డు ఎందుకు?"

"నిజమే. అయినా రూల్సు అట్ల ఉండాయి. నేనేం చేసేది?"

మా బావ తెలివి చూడండి. బోర్డు కింద చక్రాలు బిగించాడు. ఇప్పుడిది బోర్డు కాదు, బండి అని వాదన. కెంచప్ప కోప్పడలేదు. బండి మీద ప్రచారమైతే దానికి వేరే అర్జీ ఉందనీ, అయితే బండికి రిజిస్టరు నంబరు ఉండాలనీ చెప్పాడు. బావ ఊరుకుంటాడా? హొసపేటకు వెళ్ళి ఒక ముసలి మెటడోరు వ్యాను తెచ్చాడు. మళ్ళీ అర్జీ, మళ్ళీ నేను. చివరికి అనుమతి వచ్చింది. పేరు కన్నడంలో పైన పెద్దగా ఉండాలి, తెలుగు కింద చిన్నగా ఉండొచ్చు. ఇంకో షరతు కూడా ఉంది. ప్రచారం కోసం బండిని రోడ్డు పక్కన ఎక్కడా నిలిపి ఉంచకూడదు.

"అంటే తిరుగుతానే ఉండాల, అంతేనా?" అన్నాడు బావ.

"అంతే. నిల్లిసిద్రె కేసు," నిలిపితే కేసేనన్నాడు కెంచప్ప.

తిరగమన్నదే తడవు, కాలుగాలిన పిల్లిలా తిరిగాడు మా బావ! పొద్దున బస్టాండు, తర్వాత స్టేషన్ రోడ్డు, రాయల్ సర్కిల్, ఆస్పత్రి, మళ్ళీ బస్టాండు. రెండు పక్కలా నల్లటి అక్షరాలతో "జ్ఞానశేఖర్ శవపెట్టెల అంగడి". అంగట్లో టేకు పలకలు దుమ్ముకొట్టుకుపోతున్నాయి. చేయాల్సిన మనిషి స్టీరింగు మీదున్నాడు. టీ కోసం ఆగితే హోటలువాడు చేతులు జోడించి "రోంత ముందుకు పోనీ అన్నా, పుణ్యముంటాది" అనేవాడు. కొత్త జీపుకు పూజ చేస్తుంటే ఎదురొచ్చాడని ఒకరు కొట్లాటకు దిగారు. అందరికీ బావది ఒకటే జవాబు.

"బోర్డు చూసి ఎవురూ సావరప్పా. సచ్చేటోడు బోర్డు సదవడు!"

ఆదివారం చర్చి ముందు కూడా ఇదే గొడవ. లోపల పసిబిడ్డకు బాప్తిస్మం, గుమ్మం ముందు ఈ బండి. పెద్దవాళ్ళు తీయమన్నారు. దాంతో అక్కను దించేసి, ఆరాధన అయ్యేదాకా చర్చి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మేం పాట పాడుతుంటే కిటికీ అవతల ఆ ఇంజను దగ్గుకుంటూ వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. అక్క పాట మధ్యలో ఆగి చెవి ఒగ్గేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఒక్క పూట ఇంటికాడ కూసోరాదా," అంది అక్క ఒకసారి. "నీ మొగం చూసి చానా దినాలాయ."

"నిలబెడితే కేసయితాదే," అన్నాడు బావ. తమాషాకు అనలేదు. అన్నం ముందు కూర్చున్నా ఆయన కుడికాలు లేని యాక్సిలరేటరును తొక్కుతూనే ఉంది.

అక్కకు అప్పటికే దగ్గు. ఆ దుమ్ములో దగ్గనివాళ్ళెవరు గనక? ఎవరమూ పట్టించుకోలేదు. జ్వరం ముదిరి, ఊపిరి అందక, నేనే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నిమ్ము చేసిందన్నారు. గండం గడిస్తే చూద్దామన్నారు. పై అంతస్తులో కిటికీ పక్క మంచం. కబురందగానే బావ పరుగున వచ్చాడు. వ్యానును ఆ కిటికీ కిందే ఆపి, ఇంటికి నడిచి వెళ్ళి గంజి కాచుకొచ్చాడు. అన్ని నెలల్లో ఆయన దాన్ని పట్టపగలు వదిలి పోవడం అదే మొదలు.

పక్క మంచం మీద కొడుకును పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దామె కిటికీలోంచి చూసి ఉలిక్కిపడింది.

"ఏ పాపిష్టోడప్పా వాడు? యాడా జాగా లేనట్టు ఈడ నిలబెట్టినాడు! ఎవురి పానానికి కాచుకోని ఉండాడో!"

బావ గంజి క్యారియరుతో ఆమె పక్కనే ఉన్నాడు. ఆయన జవాబు నాకు కంఠతా వచ్చు. అంటాడని చూశాను. అనలేదు. కళ్ళు మూసుకుని, నోటితో ఊపిరి పీలుస్తున్న అక్కను చూశాడు. ఆమె ముఖం కిటికీ వైపే ఉంది. క్యారియరు కింద పెట్టి గబగబా మెట్లు దిగాడు.

బండి తీసేస్తాడేమోనని వెనకే వెళ్ళాను. పెట్టెల పాలిషుకు వాడే థిన్నరు గుడ్డ మీద పోసి, అక్షరాలను రుద్దుతున్నాడు.

"ఏం చేస్తాండావు బావా? దీనికోసం ఎన్ని అర్జీలు రాసినా నేను!"

"మీ అక్క కండ్లు తెరిస్తే ముందర ఇదే కనపడతాది లోయిస్."

"అయితే బండి తీసి ఎనకపక్క పెట్టు. అంతే కదా?"

"ఎనకపక్క కూడా కిటికీ ఉండాది," అన్నాడు.

"బోర్డు లేకుంటే అంగడి మూతపడతాదని నువ్వే అంటివి."

"పడనీ."

నాకు కోపం ఎటుపోయిందో తెలియదు. ఇంకో గుడ్డ తీసుకుని రెండో పక్క నేను రుద్దాను. మంచి రంగు వేయించాడు మహానుభావుడు, ఒక పట్టాన పోలేదు. చేతులు మండుతుండగా పైనుంచి నర్సు కేక వేసింది.

"సౌభాగ్యమ్మ మనుషులు ఎవరు? పైకి రండి!"

బావ కదలలేదు. పిలుపు వినబడింది. కాలు మాత్రం లేవలేదు. ఆయన మోచేత్తో కళ్ళు తుడుచుకోవడం చూసి నేనే పరుగెత్తాను.

అక్క కళ్ళు తెరిచింది. నర్సు చెంచాతో నీళ్ళు పడుతోంది. నన్ను చూసి, నా వెనక చూసింది.

"ఆయప్ప యాడ?"

"కింద ఉండాడు."

"తిరుగుతాండాడా?"

"లేదక్కా. నిలబడుకోని ఏడుస్తాండాడు."