ముహూర్తానికి స్టార్ట్ చేయని ఇంజన్

కేసముద్రం మార్కెట్ యార్డు పక్కనే మా షెడ్డు. నాయిన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ఆడమనిషి ఇంజన్ బిగిస్తుందా అని నోరెళ్లబెట్టేవాళ్లకు జవాబు చెప్పే తీరిక నాకు లేదు. కొత్తగా బిగించిన ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడందే ఎవరినీ తాళంచెవి పెట్టనివ్వను.

మహబూబాబాద్‌లో ఒక డ్రైవర్ ఉన్నాడు, నేను తమ్ముడనే పిలుస్తాను. ఏళ్ల తరబడి జీతానికి మంది కార్లు నడిపి, చివరికి పాత కారొకటి సొంతంగా కొనుక్కున్నాడు, కాళేశ్వరం పోయే భక్తుల్ని తిప్పుదామని. అది వేడెక్కి ఇంజన్ పాడైతే నా దగ్గరికి తెచ్చాడు. కొత్త పిస్టన్లు వేశాను. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డు వేడికి వంగితే, జనగామ లేత్ షాపుకు పంపి చదును చేయించాను.

చేత్తో తిప్పడమొక్కటే మిగిలిన పొద్దున, చెప్పాపెట్టకుండా తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. అయ్యగారు ముహూర్తం పెట్టాడట. నేను చూసేలోపే ఆ అవ్వ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టేసింది. కొబ్బరికాయ కొట్టాక బండి స్టార్ట్ కాకపోతే మా దగ్గర అంతకు మించిన కీడు లేదు.

నేను పట్టించుకోకుండా స్పానర్ వేసి మెల్లగా తిప్పాను. ప్లగ్గులు తీసే ఉన్నాయి కాబట్టి లోపల గాలి అడ్డుపడదు. అయినా ఒకచోట పట్టి వదిలింది. ఇంకాస్త తిప్పితే మళ్లీ పట్టింది, అలా రెండు చుట్లలో నాలుగుసార్లు. ఇనుము ఇనుముకు తగలడం చేతికి తెలిసిపోతుంది. వాల్వులు పిస్టన్లను తాకుతున్నాయి.

"ప్లగ్గులు పెట్టి ఒక్క సెల్ఫ్ కొట్టక్కా, ఏం గాదు," అన్నాడు తమ్ముడు.

"కొడితే వాల్వులు వంగుతయ్. మల్ల మంది బండ్లు తోలుకుంట బతుకుతవా?" అన్నాను. నాకు కోపం ఆగదు.

అవ్వ ఊరుకోలేదు. "కాయ కొట్టినంక ఆపుతరా బిడ్డా? గిదేం పద్ధతి?"

"గిది నా పద్ధతి అవ్వా. జర కూసో."

ఆమె కొబ్బరి చిప్పలు కొంగులో మూటగట్టుకుని, మొహం తిప్పుకుని కూర్చుంది.

ఒక్క పిస్టనే తాకితే ఆ ఒక్కదాని దగ్గరే ఏదో తప్పుంటుంది. ఇక్కడ నాలుగూ తాకుతున్నాయి. అంటే అన్నిటికీ సంబంధించిన తప్పు: వాల్వుల్ని నడిపే బెల్టుదైనా కావాలి, హెడ్డుదైనా కావాలి. బెల్టు గుర్తులు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. హెడ్డు దించితే నాలుగు పిస్టన్ల మీదా గోటి ముద్రంత మెరుపు కనబడింది. హెడ్డు మందం కొలిచాను. మేం చేయించిన దానికంటే చాలా ఎక్కువే అరిగి ఉంది. పాత ఓనరు కూడా ఒకసారి చదును చేయించే ఉంటాడు. హెడ్డు పలచబడి వాల్వులు కిందికి దిగాయి, అంతే.

హెడ్డును ఆ మేరకు పైకి లేపడానికి, దాని కింద వేసే గ్యాస్కెట్ మందమైనది మహబూబాబాద్ నుంచి తెప్పించాను. అది వచ్చేలోపు అవ్వను పిలిచి, గోధుమపిండి గట్టిగా కలపమన్నాను.

"రొట్టె చేస్తవా ఏంది?"

"జొన్నపిండైతే పగులుతది అవ్వా. గోధుమదే కావాలె."

గొణుక్కుంటూనే పక్క హోటల్లో అడిగి తెచ్చి కలిపింది. ఆ ముద్దకు నూనె రాసి పిస్టన్ల మీద పరిచాను. కొత్త గ్యాస్కెట్‌తో హెడ్డు బిగించి, చేత్తో తిప్పాను. ఎక్కడా పట్టలేదు. మళ్లీ విప్పి, వాల్వు నొక్కిన చోట పిండిని బ్లేడుతో కోసి అవ్వకు చూపించాను. కందిపప్పు బద్ద మందం మిగిలింది. వాల్వుకు ఆ సందు చాలు.

పిండంతా తుడిచి, మళ్లీ బిగించి, తమ్ముణ్ని కూర్చోబెట్టి తాళం తిప్పించేసరికి పొద్దు వాలింది. ఇంజన్ ఏ తేడా చప్పుడూ లేకుండా అందుకుంది. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోలేదు.

అవ్వ కొంగు విప్పి మొదటి కొబ్బరి ముక్క గ్రీజుతో నల్లబడ్డ నా చేతిలో పెట్టింది. "కాయ పొద్దుగాల కొట్టిన. ముహూర్తం గిప్పుడొచ్చింది," అంది.

తర్వాత కారు ముందు తలుపు దగ్గరికి పోయి, దాన్నెలా తెరవాలో తెలియక నిలబడింది. కొడుకు ఇన్నేళ్లు నడిపిన కార్లలో ఆమె ఒక్కసారీ ఎక్కలేదు. అవన్నీ మందివి. తమ్ముడు దిగి వచ్చి తలుపు తీశాడు.